వృత్తం గియ్యడానికి ఎన్ని లైన్లు కావాలి?

"ఖాళీ ఉన్నప్పుడు ఓ చిన్న లైబ్రరీ రాస్తున్నా" అని ఇంట్లో చెప్తే మా నాన్నగారికి వేటపాలెం సారస్వత నికేతనం లాంటిదేదో కళ్ళముందు మెదుల్తుంది. ఆయన ఊహ మరీ అంత దూరమేం పోలేదు లెండి. గ్రంథాలయంలో పుస్తకాలు తెప్పించి, నంబర్లేసి, బీరువాల్లో సర్ది, చెదలు పట్టకుండా చూసేవాళ్ళు వేరే ఉంటారు. మనం వెళ్తాం, కావల్సింది తీసుకుంటాం, చదువుకుంటాం. సాఫ్ట్‌వేర్ లైబ్రరీ కూడా అంతే. ఎవరో ఒకసారి కష్టపడి రాసిపెట్టిన కోడ్ ని మిగతావాళ్ళు పేరు పెట్టి పిలిచి వాడుకుంటారు.

ఈ టపా అలాంటి ఒక రకం లైబ్రరీల గురించి. కోడ్ తో బొమ్మలు గీసి, వాటిని కదిలించడానికి పనికొచ్చేవి. క్రియేటివ్ కోడింగ్ అంటారు దీన్ని. వీటిలో బాగా పేరున్నవి ప్రాసెసింగ్, దాని చెల్లెలు పీఫైవ్ జేఎస్. రెండూ ఓపెన్ సోర్సే, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా. లైబ్రరీ రాయడమంటే ఎవరి బరువు ఎవరు మొయ్యాలో తేల్చడం. నాకు తెలిసి బొమ్మల లైబ్రరీల్లో ఈ సంగతి కనపడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు.

మనలో ఇంజినీరింగ్ చదివిన చాలామంది కోడ్ తో గీసిన మొదటి బొమ్మ టర్బో సీ లోనే అయ్యుంటుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్, నీలం రంగు తెర, పక్కన రికార్డు పుస్తకం. ఒక్క వృత్తం గియ్యాలంటే ఏం చెయ్యాలో గుర్తుందా? గ్రాఫిక్స్ డాట్ హెచ్ ని కలుపుకోవాలి. రెండు ఇంటిజర్లు పెట్టుకుని ఒకదాంట్లో డిటెక్ట్ అని రాయాలి. ఇనిట్‌గ్రాఫ్ ని పిలిచి, బీజీఐ ఫైళ్ళు ఏ ఫోల్డర్లో ఉన్నాయో దారి చెప్పాలి. ఆ దారిలో స్లాష్ వచ్చిన ప్రతిచోటా ఒకటి కాదు, రెండేసి పెట్టాలి. అప్పుడు సర్కిల్. తర్వాత గెట్‌సీహెచ్, లేదంటే బొమ్మ చూసేలోపే తెర మూసుకుపోతుంది. ఆఖర్న క్లోజ్‌గ్రాఫ్. ఫోల్డర్ దారిలో ఏ తేడా వచ్చినా "గ్రాఫిక్స్ మొదలవలేదు, ఇనిట్‌గ్రాఫ్ వాడండి" అని ఓ వాక్యం వచ్చేది. వాడాం కదరా బాబూ, వాడితేనేగా ఇది వచ్చింది అని తల పట్టుకునేవాళ్ళం :-)

ఇందులో బోర్లాండ్ వాళ్ళని తిట్టడానికేం లేదు. 1980ల్లో ఒక్కో పీసీలో ఒక్కో రకం గ్రాఫిక్స్ కార్డు ఉండేది. సీజీఏ ఒకటి, ఈజీఏ ఇంకోటి, వీజీఏ మరోటి. ఒక్కోదానికీ తగిన డ్రైవర్ ఫైలుని ప్రోగ్రాం నడిచే సమయంలో వెతికి తెచ్చుకోవాలి. అందుకే ఆ డిటెక్టూ, ఆ ఫోల్డర్ దారీ. అప్పటి అవసరానికి అది సరైన పద్ధతే. కానీ ఆ బరువంతా ఎవరి నెత్తిన పడిందో చూడండి. నిన్నగాక మొన్న ప్రోగ్రామింగ్ మొదలెట్టిన కుర్రాడి నెత్తిన. వాడికి కావల్సింది ఒక గుండ్రం. వాడు నేర్చుకోవాల్సొచ్చింది హార్డ్‌వేర్ డ్రైవర్ల సంగతి.

ఇప్పుడు పీఫైవ్ లో అదే పని. (కోడ్ ని కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నా, చదవడానికి ఇబ్బంది లేకుండా.) సర్కిల్(50, 50, 30) అని ఒక్క లైను. ఎడమనుంచి 50, పైనుంచి 50, వ్యాసం 30. గుండ్రం వచ్చేసింది. ఎంత పెద్ద కాన్వాస్ కావాలో చెప్పకపోతే 100 కి 100 పిక్సెళ్ళది దానంతటదే ఇస్తుంది.

మరి మిగతా లైన్లన్నీ ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. లైబ్రరీ లోపలికి పోయాయి. బ్రౌజర్లో నేరుగా గియ్యాలంటే ముందు కాన్వాస్ ని పట్టుకోవాలి, దాన్నుంచి కాంటెక్స్ట్ అడిగి తీసుకోవాలి, కొత్త గీత మొదలెడుతున్నానని చెప్పాలి, సున్నా నుంచి రెండు పై దాకా చాపం గియ్యాలి, తర్వాత రంగు నింపమనాలి, అంచు గియ్యమనాలి. అంతేకాదు, ఇప్పటి ఫోన్ల తెరల్లో మనం ఒక పిక్సెల్ అనుకునే చోట రెండేసి, మూడేసి చుక్కలుంటాయి. ఆ లెక్క చూసుకోకపోతే గుండ్రం అంచులు మసకబారతాయి. పీఫైవ్ ఆ సాంద్రత కనుక్కుని లోపల కాన్వాస్ ని అంత పెద్దది చేసి, మనకి మాత్రం పాత కొలతలే చూపిస్తుంది. మీరెప్పుడైనా దీని గురించి ఆలోచించారా? లేదు కదా. మీ బదులు వేరేవాళ్ళు ఆలోచించారు.

కదలికలోనూ ఇదే కథ. టర్బో సీ లో బంతి కదలాలంటే చెరపాలి, గియ్యాలి, కాసేపు ఆగాలి, మళ్ళీ చెరపాలి. తెర మినుకుమినుకుమనేది. పీఫైవ్ లో సెటప్ అనీ డ్రా అనీ రెండు ఫంక్షన్లు రాస్తే చాలు. సెటప్ ని ఒక్కసారి పిలుస్తుంది. డ్రా ని సెకనుకి 60 సార్లు పిలవడానికి చూస్తుంది. లూప్ మనం రాయక్కర్లేదు. సర్కిల్ లో మొదటి అంకె బదులు ఫ్రేమ్‌కౌంట్ అని రాస్తే బంతి కుడివైపుకి నడుస్తుంది. డ్రా లో బ్యాక్‌గ్రౌండ్ అన్న లైను తీసేస్తే పాత బొమ్మలు చెరిగిపోకుండా బంతి వెనక తోకలా ఉండిపోతాయి. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పకుండానే పిల్లలు కనిపెట్టేస్తారు. నా మటుకు నాకు ప్రోగ్రామింగ్ లో అంత మంచి పాఠం ఇంకోటి కనపళ్ళేదు.

ఇది ఆకాశంలోంచి ఊడిపడిన ఆలోచన కాదు. 1967లోనే సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫర్జిగ్ పిల్లల కోసం లోగో భాష చేశారు. స్కూల్లో తాబేలుతో గీతలు గీసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తర్వాత ఎంఐటీ మీడియా ల్యాబ్ లో జాన్ మయేడా 'డిజైన్ బై నంబర్స్' చేశారు. అందులో కాన్వాస్ 100 కి 100 మాత్రమే, రంగుల్లేవు, తెలుపు నుంచి నలుపు దాకా 0 నుంచి 100. అంతే. ఆయన శిష్యులు కేసీ రియాస్, బెన్ ఫ్రై కలిసి 2001లో జావా మీద ప్రాసెసింగ్ మొదలెట్టారు. అందులో రాసేదాన్ని ప్రాజెక్టు అనరు, స్కెచ్ అంటారు. అది దాచుకునే ఫోల్డర్ పేరు స్కెచ్‌బుక్. చిత్రకారుడు జేబులో పెట్టుకుని తిరిగే పుస్తకంలాగా అన్నమాట. బాగుండకపోతే పేజీ తిప్పెయ్యడమే.

ఆర్డునో బోర్డుతో ఎల్ఈడీ వెలిగించినవాళ్ళకి ఈ స్కెచ్ అన్న మాట తెలిసే ఉంటుంది. అక్కడ సెటప్, లూప్. ఇక్కడ సెటప్, డ్రా. ఆర్డునో వాళ్ళు ఆ పోలిక తెచ్చుకున్నది ప్రాసెసింగ్ నుంచే. కాలేజీ ప్రాజెక్టుల కోసం ఆర్డునో వాడిన మన కుర్రాళ్ళంతా తెలియకుండానే ఈ ఇంటి తలుపు తట్టినవాళ్ళే.

2008లో జాన్ రెసిగ్ (జేక్వెరీ ఆయనే) ప్రాసెసింగ్ ని జావాస్క్రిప్ట్ లోకి తెచ్చాడు. తర్వాత 2013లో లారెన్ మెకార్తీ పీఫైవ్ మొదలెట్టారు. ఈవిడ పాత భాషని మక్కీకిమక్కీ దించకుండా, ప్రాసెసింగ్ ఇవాళ బ్రౌజర్ కోసమే పుట్టి ఉంటే ఎలా ఉండేదని ఆలోచించారు. అదీ తేడా.

సరే, అసలు తగువు దగ్గరికొద్దాం. మా ఆఫీసులో ఓ మిత్రుడున్నాడు. మంచి ప్రోగ్రామరు. పీఫైవ్ కోడ్ చూపిస్తే మొహం చిట్లించాడు. "ఇన్ని ఫంక్షన్లు గ్లోబల్ గా పడేస్తే ఎలారా? రేపు ఇంకో లైబ్రరీలో సర్కిల్ అనే పేరుంటే? రంగు ఒకచోట సెట్ చేస్తే కిందున్న బొమ్మలన్నిటికీ అదే అంటుకుంటుంది. ఇదేం డిజైను?" అన్నాడు.

వాడన్నవన్నీ నిజాలే. ఉద్యోగంలో అలాంటి కోడ్ నా ముందుకి రివ్యూకి వస్తే నేనూ వెనక్కి పంపిస్తా. కానీ ఆ నియమాలన్నీ పదిమంది కలిసి పదేళ్ళు నడపబోయే కోడ్ కోసం పుట్టినవి. మొదటిరోజు కూర్చున్న పిల్లకి 'ఆబ్జెక్ట్ తయారుచెయ్యి, దాని మీద చుక్క పెట్టు, దాని మెథడ్ పిలువు' అని చెప్తే, పేరు గొడవలొస్తాయని మనం పడే భయాన్ని ఆ పిల్ల నెత్తిన రుద్దినట్టే. కుంచె ఎరుపులో ముంచితే కడిగేదాకా ఎరుపే పడుతుంది. ఫిల్ అన్న ఫంక్షన్ పనిచేసేదీ అలాగే. అది వాళ్ళకి ముందే తెలిసిన సంగతి. పైగా పెద్ద పనులు చేసేవాళ్ళ కోసం ఇన్‌స్టన్స్ మోడ్ అని వేరే దారి ఉండనే ఉంది. కావల్సినవాడు ఆ దారిన పోతాడు. ముందు తలుపు మాత్రం కొత్తవాళ్ళ ఎత్తుకి కట్టారు.

ఇలా కట్టడం ఎంత ఖరీదైన పనో ఓ రెండు ఉదాహరణలు చెప్తా.

మొదటిది తప్పుల సంగతి. సర్కిల్ స్పెల్లింగ్ తప్పు రాస్తే బ్రౌజర్ 'అదేదో నిర్వచించలేదు' అని ఓ ముక్క పడేసి ఊరుకుంటుంది. పీఫైవ్ లో ఫ్రెండ్లీ ఎర్రర్ సిస్టమ్ అని ఒకటుంది. అది 'మీరు సర్కిల్ రాద్దామనుకున్నారేమో' అని అడుగుతుంది. మూడు అంకెలివ్వాల్సిన చోట రెండే ఇస్తే ఆ మాట చెప్తుంది. ఈ ఒక్క మర్యాద కోసం లైబ్రరీలో ప్రతి ఫంక్షన్ కీ ఏ రకం విలువలు ఎన్ని రావాలో పట్టికలు పెట్టుకోవాలి, పిలిచిన ప్రతిసారీ సరిచూడాలి. దానివల్ల వేగం కొంచెం తగ్గుతుంది, ఫైలు బరువు పెరుగుతుంది. అందుకని కుదించిన ఫైల్లో దీన్ని తీసేస్తారు. నేర్చుకునేటప్పుడు పెద్ద ఫైలు, జనానికి చూపించేటప్పుడు చిన్న ఫైలు. ఈ సందేశాలకి హిందీ, కొరియన్, స్పానిష్ లాంటి భాషల్లో అనువాదాలు కూడా చేశారు.

రెండోది ఇంకా పెద్ద నిర్ణయం. 2019లో పీఫైవ్ లో పనిచేసేవాళ్ళంతా ఒకచోట కలిసినప్పుడు ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. ఇకమీదట ఎక్కువమందికి అందుబాటు పెంచే ఫీచర్లు మాత్రమే కలుపుతాం, మిగతావి కలపం అని. సాఫ్ట్‌వేర్ మనుషులకి ఇది ఎంత కష్టమైన ప్రతిజ్ఞో చెప్పనక్కర్లేదు. కొత్త ఫీచరు రాయడం మనకి పండగ. ఉన్నదాన్ని సాపుచెయ్యడం శ్రమ. ఆ ఏడాది తర్వాత, 2020 ఫిబ్రవరి 29న 1.0 వచ్చింది. డిస్క్రైబ్ అని ఒక ఫంక్షన్ ఉంది, చూడండి. కాన్వాస్ అంటే బ్రౌజర్ దృష్టిలో వట్టి పిక్సెళ్ళ కుప్ప. కళ్ళు కనపడనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ కి అందులో ఏముందో తెలిసే దారిలేదు. డిస్క్రైబ్ లో ఓ వాక్యం రాస్తే ఆ బొమ్మ గురించి అది చదివి వినిపిస్తుంది. బొమ్మలు గీసే లైబ్రరీలో చూపులేనివాళ్ళ కోసం చోటు పెట్టాలన్న ఆలోచన నాకైతే చాలా నచ్చింది.

బరువు ఎప్పుడూ ఒకవైపుకే జరుగుతుందనుకోకండి. 2025లో వచ్చిన 2.0 లో ప్రీలోడ్ తీసేశారు. అంతకుముందు ఫోటోలూ ఫాంట్లూ ప్రీలోడ్ అనే ఫంక్షన్లో పెడితే, అవన్నీ దిగేదాకా లైబ్రరీయే ఆగి, తర్వాత సెటప్ ని పిలిచేది. మనకేమీ తెలిసేది కాదు. లోపల మాత్రం ఎన్ని ఫైళ్ళు ఇంకా రావాలో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి, యాడ్‌ఆన్ రాసేవాళ్ళు కూడా తమ ఫంక్షన్ల గురించి అక్కడ నమోదు చేసుకోవాలి. ఈలోగా జావాస్క్రిప్ట్ భాషలోనే ఎసింక్, అవెయిట్ వచ్చాయి. ఇప్పుడు సెటప్ ముందు ఎసింక్ అనీ, లోడ్ ముందు అవెయిట్ అనీ మనమే రాయాలి. అంటే మోసేవాళ్ళు కొంచెం బరువు దించి కొత్తవాళ్ళ చేతికిచ్చారు. పాత స్కెచ్ లు పాడవకుండా ప్రీలోడ్ ని వెనక్కి తెచ్చే యాడ్‌ఆన్ కూడా ఇచ్చారు. నాకు ఇందులో రెండు వైపులా న్యాయం కనపడుతుంది. ఆ రెండు మాటలూ బయట ప్రపంచంలో ఎలాగూ నేర్చుకోవాల్సినవే. కానీ మొదటివారంలోనే నేర్చుకోవాలా అంటే... ఏమో. మోసేవాళ్ళకీ నడుములుంటాయి కదా.

ఇక మన సంగతి. మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. వేసవి సెలవుల్లో దానికి పీఫైవ్ చూపించా. రెండ్రోజుల్లో ఒక రేకు గీసి, దాన్ని తిప్పుతూ ఎనిమిదిసార్లు వేసి ముగ్గు తయారుచేసేసింది. తర్వాత ఏదో వీడియో చూసి, అక్షరాలు ఒక్కోటీ అలలా పైకీ కిందకీ ఊగే స్కెచ్ చేసింది. వీడియోలో ఇంగ్లీషు మాట ఉంది. ఇది ఆ మాట తీసేసి తన పేరు తెలుగులో పెట్టింది. దాని పేరులో రెండు ఒత్తులున్నాయి. వెంటనే ఫోను. "మావయ్యా, నా పేరు విరిగిపోయింది!"

చూస్తే నిజంగానే విరిగింది. గుణింతాలు ఒకచోట, పొల్లులు ఒకచోట, వాటికింద చుక్కల గుండ్రాలు. పాపం దాని కోడ్ లో ఏ దోషమూ లేదు. ఎందుకలా అయిందో 'నక్షత్రం' అన్న మాటతో చెప్తా. మన కంటికి అందులో మూడక్షరాలు. న, క్ష, త్రం. యూనికోడ్ లెక్కలో ఎనిమిది. న, క, పొల్లు, ష, త, పొల్లు, ర, సున్నా. జావాస్క్రిప్ట్ ని పొడవెంత అనడిగితే 8 అంటుంది. మాటని ముక్కలు చెయ్యమంటే ఎనిమిది ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. మాట మొత్తాన్ని ఒకేసారి గీస్తే బ్రౌజరే ఒత్తులు కలిపి సరిగ్గా చూపిస్తుంది. ఒక్కోటీ విడదీసి గీస్తే కలపడానికి పక్కన ఏముందో దానికి తెలీదు.

మరి దీని బరువెవరిది? ఇంగ్లీషు పిల్లకి ఈ బాధ లేదు. అక్కడ ఒక గుర్తు అంటే ఒక అక్షరం. ఆ భాషలో పుట్టిన ఉదాహరణలన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి. కావాలని చేసినవాళ్ళెవరూ లేరు, అయినా మన పిల్ల పేరు విరిగింది.

విరుగుడు ఉంది. ఇంటల్ సెగ్మెంటర్ అని జావాస్క్రిప్ట్ లోనే ఒక పనిముట్టుంది. అన్ని పెద్ద బ్రౌజర్లలోకీ వచ్చింది, ఫైర్‌ఫాక్స్ లోకి 2024లో. అయితే పాత యూనికోడ్ నియమాల ప్రకారం అది నక్షత్రాన్ని అయిదు ముక్కలు చేసేది. న, క్, ష, త్, రం. పొల్లు దగ్గర ఆగిపోయేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి పొల్లు తర్వాత హల్లొస్తే తెంపకూడదని నియమం చేర్చారు. దాంతో మూడు ముక్కలు సరిగ్గా వస్తాయి. ఆ నియమం ఇంకా అందని పాత బ్రౌజర్ల కోసం మనమే పొల్లుతో ఆగిన ముక్కని తర్వాతి హల్లుతో కలపాలి. ఇక్కడ ఇంకో మెలిక. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో 'ట్' కింద 'వ' ఒత్తు పడకుండా మధ్యలో కనపడని గుర్తు ఒకటి పెడతాం. అది ఉన్నచోట కలపకూడదు.

నేను రాస్తున్నానన్న చిన్న లైబ్రరీ ఇదే. పీఫైవ్ కి యాడ్‌ఆన్. మాటనిస్తే అక్షరాల జాబితా ఇస్తుంది, అంతే. కోడ్ 40 లైన్లు దాటదు. దాని పక్కన పెట్టిన పరీక్షలు, ఉదాహరణలు, వివరణ దానికి నాలుగింతలున్నాయి. ఆ నాలుగింతలే అసలు పని అని రాస్తూ ఉంటే అర్థమవుతోంది. 'బస్' చివర పొల్లు, 'దుఃఖం' మధ్య విసర్గ, 'స్త్రీ' కింద రెండు ఒత్తులు, ఇలా ఒక్కోటీ రాసుకుని సరిచూసుకోవాలి.

పేరుని చుక్కలు చుక్కలుగా మార్చడం ఇంకో ముచ్చట. ఫాంట్ నుంచి అక్షరం అంచుల వెంబడి బిందువులిచ్చే ఫంక్షన్ పీఫైవ్ లో ఉంది. కానీ 1.x లో అది ఫాంట్ ఫైలుని సొంతంగా చదువుకుంటుంది, బ్రౌజర్ లాగా తెలుగు ఒత్తులు కలపదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ల లోపల ఆ కలిపే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ లైబ్రరీ. అందుకని మేం దొడ్డిదారిన వెళ్ళాం. పేరు మొత్తాన్ని కనపడని ఇంకో కాన్వాస్ మీద గీసి, దాని పిక్సెళ్ళు నాలుగేసి చొప్పున దాటుకుంటూ చదివి, నల్లగా ఉన్నచోటల్లా చుక్క పెట్టాం. ఒత్తులతో సహా పేరు చుక్కల్లో వచ్చింది. ఆ దొడ్డిదారి అసలు దారి కావాలంటే తెలుగు తెలిసినవాళ్ళెవరో కూర్చుని రాయాలి. కొరియాలోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళకి 'క్ష' విరిగిందని ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఫంక్షన్ల పేర్లే తెలుగులో పెట్టేస్తే పోలా? సర్కిల్ బదులు వృత్తం, లైన్ బదులు గీత. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది, తెలుగు లిపిలో పేర్లు పెట్టొచ్చు. నేనూ సరదాకి చేసి చూశా. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. టైపు చెయ్యడమే నరకం. పేరు కోసం తెలుగు కీబోర్డు, బ్రాకెట్ల కోసం ఇంగ్లీషు కీబోర్డు, మళ్ళీ తెలుగు. లైనుకి నాలుగుసార్లు మార్చాలి. పైగా సర్కిల్, లైన్, ఫిల్ అనేవి మన పిల్లలకి అడ్డంకి కానే కావు, అవి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. వాళ్ళు ఆగిపోయేది వేరేచోట. ఎర్ర అక్షరాల్లో పొడుగాటి ఇంగ్లీషు వాక్యం వచ్చినప్పుడు. ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టడం, ఉదాహరణల్లో తెలుగు మాటలుండటం, అవి విరక్కుండా చూడటం, నా దృష్టిలో ఇవీ ముందు చెయ్యాల్సినవి. అందుకే నా ఫంక్షన్ పేరు 'అక్షరాలు' అయినా ఇంగ్లీషు లిపిలోనే ఉంచా.

'ఇప్పుడు ఏఐ ని అడిగితే స్కెచ్ మొత్తం అదే రాసిస్తుందిగా, ఇంకా ఈ లైబ్రరీలెందుకు' అని మా మిత్రుడే ఇంకోమాట అన్నాడు. రాసిస్తుంది, నేనూ వాడతా. కానీ అది రాసింది మా మేనకోడలు చదివి "ఇక్కడ 8 బదులు 12 పెడితే?" అని మార్చగలుగుతోందంటే కారణం ఆ మాటలు అంత తక్కువగా, అంత తేటగా ఉండటమే. రాసేది ఎవరైనా చదివేది మనుషులే కాబట్టి ఆ విలువ తగ్గలేదనుకుంటున్నా.

ఇంత చేసేవాళ్ళకి ఏం ముడుతుంది? 2012లో ప్రాసెసింగ్ ఫౌండేషన్ అని లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. విరాళాలు, ఫెలోషిప్పులు ఉంటాయి. అయినా పనిలో పెద్దభాగం రాత్రిళ్ళు, ఆదివారాలు కూర్చుని చేసేవాళ్ళదే. వాళ్ళు బాగా చేసినకొద్దీ వాళ్ళు చేసింది కనపడదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒక్క లైనులో గుండ్రం గీసి 'ఓస్ ఇంతేనా' అంటే, ఆ 'ఇంతేనా' వెనక ఇరవైనాలుగేళ్ళకి పైబడిన చాకిరీ ఉంది. ఆ మాట అనిపించుకోవడమే వాళ్ళకి దక్కిన బిరుదేమో.

మన కాలేజీల్లోంచి ఏటా ఎంతమంది ఇంజినీర్లు బయటికొస్తున్నారో మీకు తెలుసు. అందులో తెలుగు చదవడం రాయడం వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. పెద్ద ఫీచర్లు రాయక్కర్లేదు. ఒక ఎర్రర్ సందేశానికి తెలుగు వాక్యం, ఒక ఉదాహరణకి తెలుగు మాట, ఒత్తు విరిగినచోట 'ఇక్కడ విరుగుతోంది, ఇదిగో ఇలా ఉండాలి' అని ఓ బొమ్మతో సహా నివేదిక. ఇవి ఇవాళ రాత్రి అన్నం తిన్నాక కూడా చెయ్యొచ్చు. నేను ఈ ఆదివారం విసర్గ పరీక్షలు పూర్తిచెయ్యాలి. ఆ తర్వాత అరసున్న. దాన్ని వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు మరి.